సెంటున్నర స్థలంలో ఎత్తు మడి
(మండల మహిళా సమాఖ్య వార్షిక మహాసభలో ఒక సంఘం నాయకురాలి ప్రసంగం)



పొదుపు, రికవరీ లెక్కలు కార్యదర్శి అక్క చదివేసింది. నన్ను ఇంటి దగ్గర ఆకు మడి గురించి చెప్పమన్నారు. పోయిన మీటింగులో ఈ మాట ఎత్తగానే మా సంఘంలో ఒక అక్క లేచి, "పెరడున్నోళ్ళకి చెప్పు తల్లీ. మాకిచ్చింది సెంటున్నర. ఇల్లు పోను మిగిలింది గ్రావెలే" అంది. ఆమె అన్నది నిజం. అందుకే ఈ రోజు పెరడు లేనివాళ్ళ కోసమే మాట్లాడతాను.

సెంటంటే 435 చదరపు అడుగులు. నేను చెప్పే మడి 6 అడుగుల పొడవు, 3 అడుగుల వెడల్పు. అంటే 18 చదరపు అడుగులు, ఒక మంచం పట్టే చోటు. కింద గ్రావెల్ ఉన్నా, చౌడు ఉన్నా, నీళ్ళు నిలిచే నల్లరేగడి ఉన్నా మన మట్టి దానిపైన అడుగెత్తున ఉంటుంది. నీరు నిలవదు, వేరు కుళ్ళదు. రెండు పక్కల నుంచీ చెయ్యి నడిమధ్యకి అందుతుంది కాబట్టి మడిలో కాలు పెట్టక్కర్లేదు, మట్టి గట్టిపడదు. గోడ వారన కడితే వెడల్పు 2 అడుగులే పెట్టుకోండి.

9 అంగుళాల ఇటుకలైతే చుట్టూ వరసకి 24 పడతాయి. నాలుగు వరసలకి సుమారు 100. సిమెంటు వద్దు. కింది అతుకు మీద పై ఇటుక నడుం వచ్చేలా పేర్చండి. పాత ఇటుకలు, రాళ్ళు, తాటి దుంగలు ఏవైనా సరే. సిమెంటు నేల మీద కట్టేవాళ్ళు కింది వరసలో వేలెడు సందులు వదలండి, నీరు పోవాలి.

అడుగున నాలుగు వేళ్ళ మందాన ఎండాకు పరవండి. పైన రెండు తట్టల మట్టికి ఒక తట్ట బాగా మాగిన పశువుల ఎరువు, ఒక తట్ట ఇసుక కలిపి నింపండి. పచ్చి పేడ వేస్తే వేడికి మొలక చచ్చిపోద్ది. తడిపి వారం రోజులు వదిలేస్తే మట్టి సర్దుకుంటుంది, అప్పుడు విత్తుకోవాలి.

ఇదంతా మాఘంలోనే చెయ్యాలి. శివరాత్రికి చలి శివశివా అని పోతుంది కదా. ఎండ ముదిరితే కొత్తిమీర ఆకు మాని పూతకి పోతుంది. అందుకని ముందు ధనియాలు. చెప్పు కింద నలిపి రెండు బద్దలు చేసి, రాత్రి నానబెట్టి చల్లండి. పది రోజులకి మొలుస్తాయి, నలభై రోజులకి కోతకొస్తుంది. ఒకేసారి అన్నీ చల్లకుండా పదిహేను రోజులకోసారి కొంచెం చల్లుకోండి. మెంతులు నాలుగు రోజుల్లో మొలుస్తాయి, మూడు వారాలకే కూరకొస్తాయి. పుదీనాకి విత్తనం కొనక్కర్లేదు. సంతలో తెచ్చిన కట్టలో ముదురు కాడలు గ్లాసు నీళ్ళలో పెడితే వేరొస్తుంది. అది మడంతా పాకుతుంది కాబట్టి ఒక మూలకి నిలువు పెంకు అడ్డం పెట్టి అక్కడే నాటండి. వామాకు కొమ్మ గుచ్చితే చాలు. కరివేపాకు మాత్రం చెట్టవుతుంది, మడిలో పెట్టొద్దు.

ఉగాది దాటాక నాలుగు కర్రలు పాతి పాత చీర పందిరేస్తే మధ్యాహ్నం ఎండ ఆగుతుంది. బియ్యం కడుగు, కూరలు కడిగిన నీళ్ళు పొయ్యండి. సబ్బు నీళ్ళు వద్దు. పురుగు కనబడితే 50 గ్రాముల వేప పప్పు దంచి లీటరు నీళ్ళలో రాత్రంతా నానబెట్టి, వడకట్టి చల్లండి. తర్వాత ఆకు బాగా కడుక్కుని వాడుకోండి.

ఇక డబ్బు సంగతి. కట్ట 10 రూపాయలనుకుని వారానికి మూడు కట్టలు లెక్కేసినా నెలకి 120 రూపాయలు. మనలో చాలామంది నెల పొదుపు అంతే. కూలి దొరకని వారం మనం ముందు మానేసేది ఆకుకూరే. అదీ ముందు తగ్గేది ఎవరి కంచంలోనో మీకు తెలుసు. ఇంటి ముందు మడి ఉంటే ఆ వారం కూడా పప్పులో ఇంత మెంతికూర పడుతుంది.

దీనికి ఎవరూ అప్పు రాయించుకోవద్దు. సంఘానికి పది మందిమి ఉన్నాం. ఆదివారానికి రెండిళ్ళ చొప్పున ఐదు ఆదివారాలు కలిసి పనిచేస్తే పది మడులు లేస్తాయి. విత్తనాలు అందరం తలా గుప్పెడు తెచ్చి పంచుకుందాం. మొదటి ఇళ్ళు ఒంటరి మహిళలవి, ఒంట్లో బాగోలేని సభ్యులవి కావాలి. రేపు మీ ఊరెళ్ళి మొదటి మీటింగులోనే తీర్మానం రాయండి, ఎవరింటికి ముందో పేర్లతో సహా. మా పుస్తకంలో మొదటి పేరు గ్రావెల్ అన్న ఆ అక్కదే.