పరీక్ష వాళ్లది, చేయి మాది



సొసైటీ ఫీజు సాయంతో కర్నూలులో డిగ్రీ చదువుకుంటున్న పిల్లల తరఫున నాలుగు మాటలు చెప్పమని కమిటీ పెద్దలు అవకాశమిచ్చారు. మీలో కొందరు అడిగిన ప్రశ్న మా దాకా వచ్చింది. "మేం డబ్బు కట్టేది పిల్లలు చదువుకోవడానికి కదా, మళ్లీ ఈ సేవా కార్యక్రమాలెందుకు?" అని. న్యాయమైన ప్రశ్నే. ఇచ్చిన సొమ్ము ఎటు పోతోందో అడగాల్సిందే. అందుకే మేం చేసే పనుల్లో ఒక్కదాని గురించే వివరంగా చెబుతాం.

చూపు లేని విద్యార్థులు పరీక్షలో జవాబు నోటితో చెబుతారు, పక్కన కూర్చుని ఇంకొకరు రాస్తారు. ఆ రాసేవాళ్లను స్క్రైబ్ అంటారు. అభ్యర్థి తన స్క్రైబ్‌ను తానే తెచ్చుకుంటే, ఆ స్క్రైబ్ చదువు ఒక మెట్టు తక్కువ ఉండాలని 2018లో కేంద్ర ప్రభుత్వం ఇచ్చిన మార్గదర్శకాల్లో పెట్టారు. జవాబులు అందించకూడదని ఆ జాగ్రత్త. అందుకని డిగ్రీలో ఉన్న మేం పీజీ వాళ్లకు రాస్తున్నాం. గంటకు కనీసం 20 నిమిషాలు అదనంగా ఇవ్వాలి కాబట్టి, 3 గంటల పరీక్షకు 4 గంటలు కూర్చోవాలి.

వినడానికి సులువైన పనే. కూర్చుంటే తెలుస్తుంది. ఎంఏ చరిత్ర రాసే ఒక అక్క చెబుతూ చెబుతూ ఆగి, "రెండో పేరా మొదటి వాక్యం చదువు" అంటుంది. కామా పెట్టామా లేదా అని అడుగుతుంది. పేజీ మొత్తం ఆమె తలలోనే ఉంటుంది. కళ్లుండీ మనకు, పరీక్ష హాలు దాటగానే ఏం రాశామో గుర్తుండదు! ఆమె చెప్పినదానికి ఒక్క మాట కలపకూడదు, ఒక్క మాట తీయకూడదు. మనకు తెలిసిన జవాబు నాలుక చివరన ఉన్నా నోరు మూసుకోవాలి. ఇంకొకరి మాటను చివరిదాకా వినడం మాకు ఏ క్లాసులోనూ ఎవరూ నేర్పలేదు. అక్కడ నేర్చుకున్నాం.

ఒక పరీక్షా కేంద్రంలో 3 గంటలు కాగానే పేపరు ఇచ్చేయమన్నారు. అదనపు సమయం సంగతి అక్కడి ఇన్విజిలేటర్‌కు తెలియదు. ఆ రోజు రాస్తున్నది మాలో అందరికన్నా తక్కువ మాట్లాడే అమ్మాయి. ఇంట్లో చుట్టాలొస్తే వంటింట్లోకి వెళ్లిపోయే పిల్ల. లేచి నిలబడి, మార్గదర్శకాల ప్రింటు తీసి, "సార్, ఇది ఒకసారి చదవండి" అంది. గొంతు వణికిందట. గంట సమయం మాత్రం వచ్చింది. ఇప్పుడు మాలో ఎవరు పరీక్షకు వెళ్లినా హాల్ టికెట్‌తో పాటు ఆ కాగితం ఉంటుంది.

ఇక భవిష్యత్తు సంగతి. మాలో చాలామంది బీకాం ఎందుకు తీసుకున్నామంటే పక్కింటి అబ్బాయి తీసుకున్నాడు కాబట్టి. ఈ పనిలోకి వచ్చాక, స్కాన్ చేసిన తెలుగు పుస్తకాలు పేజీ ఫొటోల్లా ఉంటాయి కనుక ఫోన్ వాటిని ఉన్నవున్నట్టు చదివి వినిపించలేదని తెలిసింది. దాంతో రాత్రిళ్లు పాఠాలు చదివి రికార్డు చేయడం మొదలుపెట్టాం. అలా చదివి చదివి మాలో ఒకబ్బాయి, డిగ్రీ అయ్యాక ప్రత్యేక విద్యలో బీఈడీ చేస్తానంటున్నాడు. రిహాబిలిటేషన్ కౌన్సిల్ గుర్తింపు ఉన్న కోర్సే చేయాలని వివరాలు కనుక్కున్నాడు. బ్యాంకు పరీక్షలకు కొన్న పుస్తకాలు చెల్లెలికి ఇచ్చేశాడు. వాళ్ల నాన్నగారికి ఇంకా పూర్తిగా మనసొప్పలేదు. ఆయన ఈ సభలోనే ఉన్నారు కనుక అంతకన్నా చెప్పం.

ఒకరోజు చీపురు పట్టుకుని ఫొటో దిగే సేవ మీద మాకూ గౌరవం లేదు. అయితే విద్యార్థి సేవ అనే ఆలోచన వెనుక పెద్ద కసరత్తే ఉంది. పానిపట్‌లో పుట్టిన విద్యావేత్త ఖ్వాజా గులాం సయ్యదైన్, కేంద్ర విద్యాశాఖ కోరిక మీద, వేరే దేశాల్లో విద్యార్థులతో ఇలాంటి సేవ ఎలా చేయిస్తున్నారో 1960 ప్రాంతంలో పరిశీలించి నివేదిక ఇచ్చారు. ఆ తర్వాత 1969 సెప్టెంబరు 24న 37 విశ్వవిద్యాలయాల్లో ఎన్‌ఎస్‌ఎస్ మొదలైంది. ఏటా 120 గంటల చొప్పున రెండేళ్లు పని చేయాలని అందులో నియమం. గంటలు నింపడం కష్టం కాదు. ఒకే పనిలో, ఒకే మనుషులతో ఆ గంటలు గడిపితేనే ఏదైనా తలకెక్కుతుంది.

మీ నుంచి మాకు కావలసింది కొంచెమే. పాతబస్తీ నుంచి పరీక్షా కేంద్రానికి పోయి రావడానికి ఆటో ఖర్చు, ముఖ్యంగా ఆడపిల్లలకు. మధ్యాహ్నం పరీక్ష ఉన్న రోజు భోజనం. ఇవి ఇస్తే చాలు. ఇంకో విషయం. డిగ్రీ పరీక్షలకు ఇంటర్ చదివిన పిల్లలు స్క్రైబులుగా కావాలి. మీ ఇళ్లలో ఉన్నారు. మార్చిలో వాళ్ల పరీక్షలు అయిపోయాక ఇంట్లో ఫోన్ చూస్తూ కూర్చుంటారని మీరే అంటుంటారు కదా! పెద్ద చదువులు చదివిన మీరు స్క్రైబుగా కూర్చోలేరు గానీ పాఠాలు చదివి రికార్డు చేయొచ్చు. రిటైరైన మాస్టార్లు ఇద్దరు మొన్నటి నుంచి చేస్తున్నారు. ఇంటర్ పిల్లల పేర్లు, చదవగలిగిన పెద్దల పేర్లు రాసుకోవడానికి బయట వరండాలో టేబుల్ వేశాం. భోజనాలయ్యే దాకా మేం అక్కడే ఉంటాం.