అతుకునకు కాపలా వాయువు



కంసాలి నగను అతుకునపుడు వెలిగారము ఏల చల్లునో మీరెరుగుదురు. కాగిన లోహమునకు గాలి సోకినచో చిలుము పట్టును, అతుకు నిలువదు. వెలిగారము కరగి పైని పొరవలె పరచుకొని గాలిని దగ్గరకు రానీయదు. స్టెయిన్‌లెస్ స్టీలును, అల్యూమినియమును అతుకు టిగ్ వెల్డింగు పనిలో ఈ కాపలా ఒక వాయువు కాచును. ఆ వాయువును ఎట్లు ఎన్నుకొనవలయునో మన్యపు పెద్దలకు మనవి చేయదలచితిని.

అది పనివాడు చూచుకొను సంగతి గదా యని మీరనవచ్చును. కాని అరకులోయలో కాఫీపండ్లు కోసిననాడే తొక్క తీయవలయును. ఆ యంత్రపు తొట్టి పగిలి, వేసిన అతుకు మరునాడే విడిపోయినచో పండ్లు పులిసిపోవును. ఆ నష్టము ఊరిది. కావున పని చేయించువారికిని కొంత తెలిసియుండుట మేలు.

ఈ పనిలో టంగ్‌స్టన్ సూదికిని, అతుకవలసిన లోహమునకును నడుమ విద్యుత్తు మండును. సూది చుట్టునున్న మూతినుండి వాయువు వెలువడి కరగిన లోహమును కప్పును. ఆ వాయువు లోహముతోను, సూదితోను కలియనిదై యుండవలయును. అట్టిది ఆర్గాన్. దీనిని 1894లో రేలీ, రామ్సే అను బ్రిటిషు శాస్త్రజ్ఞులు కనుగొనిరి. గ్రీకు భాషలో ఆ పేరునకు సోమరి యని యర్థము. దేనితోను కలియని ఆ సోమరితనమే మనకు ఉపకారము. మనము పీల్చు గాలిలో నూటికి ఇంచుమించు ఒక పాలు ఆర్గానే. విశాఖపట్టణపు ఉక్కు కర్మాగారమున గాలిని ద్రవముగా మార్చి ప్రాణవాయువును వేరుచేయునపుడు ఇదియు లభించును.

రెండవది హీలియము. దీనికి తెలుగునేలతో చుట్టరికము కలదు. 1868 ఆగస్టు 18వ తేదీని సూర్యగ్రహణమును పరిశీలించుటకు ఫ్రాన్సు దేశపు జాన్సెన్ గుంటూరునకు వచ్చెను. ఆ గ్రహణకాలమున సూర్యుని అంచుజ్వాలలలో కనబడిన పసుపుపచ్చని గీతయే హీలియమునకు తొలిజాడ. ఇది కలిపినచో వేడి హెచ్చును. మందమైన అల్యూమినియమునకు, రాగికి తగును. కాని వెల యెక్కువ. మిక్కిలి తేలిక యగుటచే త్వరగా పైకెగిరిపోవును. మన పలుచని తొట్లకు, వంటపాత్రలకు దీని యవసరము లేదు.

కొందరు ఆర్గానులో కొద్దిగా ఉదజని కలుపుదురు. అది కొన్నిరకముల స్టెయిన్‌లెస్ స్టీలునకే తగును. అల్యూమినియమునకు వాడినచో అతుకు బొరియలు పడును. మామూలు ఉక్కునకు వాడినచో పగుళ్లు రావచ్చును. ఇక బొగ్గుపులుసు వాయువు చవుక యని కొందరు తెత్తురు. అది వేరురకపు వెల్డింగునకు చెల్లును గాని, టిగ్ పనిలో సూదిని కాల్చివేయును, అతుకును నల్లబరచును. కావున మన పనులకు శుద్ధమైన ఆర్గాన్ ఒక్కటే చాలును. సిలిండరు రంగును నమ్మక, దానిపై వ్రాసిన పేరును చదివించుడు.

7 ఘనమీటర్ల వాయువు పట్టు సిలిండరు, నిమిషమునకు 8 లీటర్ల చొప్పున వాడినచో ఇంచుమించు పదునాలుగున్నర గంటలు వచ్చును. కొండగాలి వీచునపుడు ఎంత మంచి వాయువైనను చెదరిపోవును. అపుడు వాయువును హెచ్చించుట తెలివి గాదు. ధార సుడి తిరిగి బయటిగాలిని లోనికి లాగును. తడికయో, రేకో అడ్డము పెట్టుటయే ఉపాయము.

ముఖ్యమైన హెచ్చరిక యొకటి. ఆర్గాన్ గాలికంటె బరువు. రంగు లేదు, వాసన లేదు. లోతైన తొట్టిలో దిగి పనిచేయునపుడు అది అడుగున నిండి, పీల్చు గాలిని పైకి నెట్టివేయును. మనిషి ఉక్కిరిబిక్కిరి కాకయే సొమ్మసిల్లి ప్రాణము విడువవచ్చును. కావున తొట్టిలోనికి మంచిగాలి ఆడునట్లు చేయుడు. పైన ఒకనిని కాపలా యుంచుడు. లోనివాడు కూలినచో వెంటనే దూకరాదు. ముందు వాయువును కట్టి, లోనికి గాలిని కొట్టించి, త్రాటితో పైకి లాగవలయును. ఆదుకొనబోయి తానును కూలుట ఇట్టిచోట్ల తరచు జరుగునది.

బయట పనిచేయునపుడు అతుకును గాలినుండి కాపాడుడు; తొట్టిలో పనిచేయునపుడు మనిషికి గాలి అందించుడు. ఈ రెండుమాటలు మీ యూరి పడుచువాండ్రకు చెప్పుదురని నమ్మి సెలవు గైకొనుచున్నాను.