లెక్కను గోడకెక్కిద్దాం
(చౌడేపల్లెలో కార్యకర్తల ముందు చెప్పిన మాటలు)



మన భూమి లెక్కంతా కాగితాల్లో పడుంది. అడంగల్, 1-బి, డీకేటీ పట్టా. కరణాలు 1984లోనే పోయారు, వాళ్ళ చిక్కురాత మాత్రం పోలేదు. చదువుకున్న మన పిల్లోళ్ళకే అంతుపట్టని కాగితం ముసలవ్వకేం తెలుస్తుంది? అందుకే ఆ లెక్కను బొమ్మ చేసి గోడకెక్కించాలంటున్నాం.

ఇది కొత్త సంగతి కాదు. 1900లో పారిస్‌లో ప్రపంచ ప్రదర్శన జరిగింది. అమెరికాలో బానిసత్వం రద్దయి అప్పటికి 35 ఏళ్ళు. నల్లజాతి మేధావి డుబోయిస్ అట్లాంటాలోని తన విద్యార్థులతో కలిసి సుమారు 60 పటాలు చేత్తో గీయించి అక్కడ పెట్టాడు. జార్జియాలో నల్లవాళ్ళకు భూమెంత, చదువెంత, సంపాదనలో బాడుగకెంత, తిండికెంత, అంతా రంగురంగుల పట్టీలే! నల్లవాళ్ళు ఎదగలేరని వాగే తెల్లవాళ్ళ ముందు లెక్కను నిలబెట్టాడు. ఆ డుబోయిస్‌కే 1946లో మన బాబాసాహెబ్ ఉత్తరం రాశారు, నల్లవాళ్ళు ఐక్యరాజ్యసమితికి పెట్టుకున్న అర్జీ నకలు కావాలని.

ఇక మన గోడ. ఒక బొమ్మ ఒక్క మాటే చెప్పాలి. భూమి, కూలి, శ్మశానం, బోరు అన్నీ ఒకచోట కుక్కితే చూసేవాడు తల తిప్పుకుని పోతాడు. పైన ‘భూముల వివరాలు’ అని రాస్తే అది ఆఫీసు బోర్డు. ‘పట్టా మాది, సాగు ఎవరిది?’ అని రాయండి, ఆగి చూస్తారు.

దేశం లెక్క చూపాలంటే చింతపిక్కలు చాలు. 2011 జనాభా లెక్కల్లో షెడ్యూల్డ్ కులాలు నూటికి 16.6. వంద పిక్కల్లో 17 పక్కకు తీయండి. 2015-16 వ్యవసాయ గణనలో మన చేతికింద సాగయ్యే భూమి నూటికి 8.6. ఇంకో వందలోంచి 9 తీయండి. రెండు కుప్పలూ పక్కపక్కనే పెట్టండి. ఇంక ఉపన్యాసమెందుకు?

బస్తాల బొమ్మతో జాగ్రత్త. రెండింతలు చూపాలని బస్తాను రెండింతలు పొడుగు, రెండింతలు వెడల్పు చేశామనుకోండి, కంటికి నాలుగింతలు కనబడుతుంది. ఒకే సైజు బస్తాలు రెండు గీయడమే మేలు. పట్టీలైతే అన్నీ సున్నా నుంచే లేవాలి. కింద కోసేస్తే చిన్న తేడా బోయకొండంత అవుతుంది. మనకు లాభమే గదా అని కూడా ఆ పని చెయ్యొద్దు. ఒక్క పట్టీ తప్పని తేలితే చాలు, గోడంతా అబద్ధమేనంటారు. కాచుకుని కూర్చున్నోళ్ళు తక్కువున్నారా?

రంగులు రెండే. మన సాగులో ఉన్న పట్టా భూమికి నీలం, పరుల చేతిలోకి పోయినదానికి ఎరుపు. పేదలకిచ్చిన డీకేటీ భూమి చేతులు మారకూడదని 1977 చట్టం చెప్పింది. 2023 సవరణలో 20 ఏళ్ళు నిండిన పట్టాలకు అమ్ముకునే హక్కు ఇచ్చారు. కాబట్టి పట్టా వయసు తెలియడం ఇప్పుడు మరీ అవసరం. 20 ఏళ్ళు నిండిన భూమికి ఆ రంగులోనే అడ్డగీతలు కొట్టండి. దేనికేమిటో ఆ పట్టీ పక్కనే రాయండి, పది అడుగుల దూరానికి కనబడేంత లావుగా. కింద మూలన ఏ కాగితం నుంచి తీసిన లెక్కో, ఏ తేదీదో ఉండాలి. 2005 సమాచార హక్కు చట్టం కింద తెచ్చిన నకలైతే అదీ రాయండి.

మనుషుల పేర్లు మాత్రం గోడమీద వద్దే వద్దు. రేపు పొద్దున ఆ ఆసామి కయ్యలోకే కూలికి పోవాల్సిన ఆడబిడ్డలున్నారు మన వాడల్లో. గోడమీద మొత్తం ఎకరాలే వేయండి. పేర్లూ సర్వే నంబర్లూ అర్జీతోపాటు అధికారి చేతికివ్వండి.

రంగు కొనకముందే ముగ్గుపిండితో నేలమీద వేసి చూడండి. అక్షరం రాని అవ్వనొకామెను పిలిచి, ‘అవ్వా, ఇదేం చెప్తా ఉంది?’ అని అడగండి. మీరు నోరు మెదపొద్దు. ఆమె ఇంకోటి చెబితే, చెరిపేసి మళ్ళీ వేయండి.