రెండు కోర్లు, నాలుగు పనులు: ఏ పద్ధతి ఎంచుకోవాలి?



ఒకే చిప్‌లో రెండు కోర్లున్న మైక్రోకంట్రోలర్లు ఇప్పుడు చౌకగా దొరుకుతున్నాయి. 2016లో వచ్చిన ఈఎస్‌పీ32, 2021లో పికో బోర్డుతో వచ్చిన ఆర్‌పీ2040 ఇలాంటివే. అయితే కోర్లు రెండున్నంత మాత్రాన ప్రోగ్రాము దానంతటదే రెండుగా విడిపోదు. ఏ పని ఎక్కడ, ఎప్పుడు జరగాలో మనమే నిర్ణయించాలి.

మీరు నీళ్ల ట్యాంకుకు ఆటోమేటిక్ మోటారు స్విచ్ తయారు చేస్తున్నారనుకోండి. నీటిమట్టం చూడాలి, మోటారు ఆపాలి, డిస్‌ప్లేపై అంకె చూపాలి, వైఫై ద్వారా ఫోనుకు సమాచారం పంపాలి. వైఫై కోసం ప్రోగ్రాము పది సెకన్లు ఆగిపోతే, అంతసేపూ మట్టం చూసే దిక్కుండదు. ట్యాంకు పొంగిపోతుంది. సంపు ఎండిపోతే మోటారు కాలిపోవచ్చు కూడా.

కాబట్టి ముందు కాగితం మీద మూడు విషయాలు రాసుకోండి: ప్రతి పనికి ఎంతసేపు పడుతుంది? ఎంతసేపటికోసారి జరగాలి? ఎంత ఆలస్యాన్ని ఓర్చుకుంటుంది? రెండు మీటర్ల లోతు నుంచి అల్ట్రాసోనిక్ ధ్వని తిరిగి రావడానికి సుమారు 12 మిల్లీసెకన్లు చాలు. మట్టాన్ని అర సెకనుకోసారి చూస్తే సరిపోతుంది. అంటే వైఫై లేకపోతే ఒకే లూప్ చాలు. కాకపోతే అందులో డిలే పెట్టకుండా, గడియారం చూసుకుంటూ ఒక్కో పని చేయించాలి.

వైఫై లాగా ఎంతసేపు పడుతుందో చెప్పలేని పని ఉంటే రెండో పద్ధతి మేలు. మోటారు, సెన్సారు ఒక కోర్‌కు, మిగతావి రెండోదానికి అప్పగించి, కోర్‌కొక లూప్ రాయండి. పనులు ఇంకా పెరిగి, వాటి మధ్య ప్రాధాన్యాలు అవసరమైనప్పుడే మూడోది, అంటే ఫ్రీఆర్‌టాస్ వంటి రియల్ టైమ్ ఆపరేటింగ్ సిస్టమ్. ఈఎస్‌పీ32 సాఫ్ట్‌వేర్‌లో ఇది ముందే ఉంటుంది. పికోలో మనం చేర్చుకోవాలి.

ఇక్కడొక జాగ్రత్త. లెక్కకు ఒకటి కలపడం మనకు ఒక్క వాక్యమే, కానీ ప్రాసెసర్‌కు మూడు మెట్లు: చదవడం, కలపడం, తిరిగి రాయడం. రెండు కోర్లూ ఒకేసారి 10 అని చదివితే, రెండూ 11 అనే రాస్తాయి. రావలసిన 12 రాదు. ఒక కోర్‌లో ఇంటరప్టులు ఆపినా రెండో కోర్ ఆగదు. అందుకే ఒక విలువను ఒకే కోర్ మార్చేలా చూడండి. రెండోదానికి క్యూ ద్వారా పంపండి. పికోలో ఇందుకు హార్డ్‌వేర్ ఫైఫోలే ఉన్నాయి.

ప్రాధాన్యాలూ తిరకాసు పెట్టగలవు. 1997లో అంగారకుడిపై దిగిన పాత్‌ఫైండర్ కంప్యూటర్ మాటిమాటికీ రీసెట్ అయింది. తక్కువ ప్రాధాన్యం గల పని ఒక తాళాన్ని పట్టుకుని ఉండగా, మధ్యస్థాయి పని దాన్ని ముందుకు సాగనివ్వలేదు. తాళం కోసం ఎదురుచూస్తున్న ముఖ్యమైన పని గడువు దాటిపోయింది. ఇంజనీర్లు భూమి నుంచే ప్రోగ్రాము సవరించి దాన్ని సరిదిద్దారు. మన మోటారును సరిదిద్దడం తేలికే కావచ్చు, కాలిపోకముందు మాత్రమే!

కనుక గడువులకు సరిపోయే పద్ధతుల్లో అన్నిటికన్నా సులువైనదాన్నే ఎంచుకోండి. ఇక మీకొక అభ్యాసం: మీ ప్రాజెక్టులోని పనులను, వాటి గడువులను పట్టికగా రాయండి. రెండో కోర్ నిజంగా అవసరమో కాదో మీరే తేల్చండి.