వంటింటి పూలు – వాటి విలువ
(ధవళేశ్వరంలో సభ్యుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



యాంటీ ఆక్సిడెంట్లన్న మాట మందుల షాపు సీసాల మీద, టీవీ ప్రకటనల్లో తరచు కనిపిస్తోంది. పెన్షన్ డబ్బులో కొంత ఆ మాత్రలకు పెట్టాలా, వద్దా అని మన సభ్యులు కొందరు నన్నడిగారు. అందుకే ఈ నాలుగు మాటలు.

లంక తోటల అరటి పువ్వును మన ఆడవాళ్లు తరిగిన వెంటనే మజ్జిగ నీళ్లలో వేస్తారు. లేకుంటే నల్లబడుతుంది. పువ్వులోని పాలీఫినాల్స్ గాలిలోని ఆక్సిజన్‌తో కలిసినందువల్ల వచ్చే నలుపు అది. మజ్జిగ పులుపు ఆ చర్యను మందగింపజేస్తుంది. మన ఒంట్లోనూ ఆక్సిజన్ వల్ల కణాలకు కొంత నష్టం జరుగుతూనే ఉంటుంది. దాన్ని అడ్డుకునేవే యాంటీ ఆక్సిడెంట్లు.

చాలా పూలలో రంగే వీటికి గుర్తు. మందార ఎరుపు, అరటి దొప్పల ఎరుపు, శంఖపుష్పం నీలం ఆంథోసయనిన్ల వల్ల వచ్చినవే. గుమ్మడి పువ్వు పసుపు కెరోటినాయిడ్లది. మునగ పువ్వు తెల్లనిదైనా అందులో క్వెర్సెటిన్ ఉంది. ఆంథోసయనిన్లు నీటిలో కరుగుతాయి గనుక, ఉడికిన నీటిని పారబోస్తే అవీ పోతాయి. కెరోటినాయిడ్లు నూనెలో కరుగుతాయి గనుక, కాస్త పోపు ఉంటేనే ఒంటబడతాయి.

ఇక మాత్రల సంగతి. ఫిన్లాండులో పొగతాగే మగవారు 29,133 మందితో జరిపిన పరిశోధన ఫలితాలు 1994లో వెలువడ్డాయి. బీటా కెరోటిన్ మాత్రలు మింగినవారిలో ఊపిరితిత్తుల క్యాన్సర్ తగ్గకపోగా, 18 శాతం ఎక్కువగా కనిపించింది. అమెరికాలో అటువంటిదే మరో పరిశోధనను 1996లో మధ్యలోనే ఆపివేశారు. పరీక్షనాళికలో మేలు చేసింది ఒంట్లోనూ చేస్తుందని నమ్మకం లేదు. బంతిపూల నుంచి తీసే ల్యూటిన్‌ను రెటీనా జబ్బు ఉన్న కొందరికి కంటి డాక్టర్లు రాస్తారు. అది వారు చెబితేనే వాడాలి.

కొన్ని జాగ్రత్తలు. కడియం నర్సరీల పూలు, బజారు పూలదండలు అలంకారానికే. వాటి మీద పురుగుమందు కొట్టి ఉండవచ్చు. గన్నేరు, పచ్చ గన్నేరు, ఉమ్మెత్త విషం. మనవలకు తప్పక చెప్పండి. పువ్వు కూర తింటున్నామని బి.పి., షుగరు మాత్రలు ఆపవద్దు. రక్తం పలచబడే మందు వాడేవారు పూల కషాయాలు మొదలుపెట్టే ముందు డాక్టరు గారిని అడగాలి.

మునగ పువ్వు పెసరపప్పు, ఆవపెట్టిన అరటి పువ్వు కూర, అవిసె పువ్వు వేపుడు, ఉగాదినాటి వేప పువ్వు మన పెద్దలు రుచి కోసం తిన్నవి. మనమూ అలాగే, ఆకుకూరలతో పాటు తిందాం. సీసాల మీది డబ్బు మిగుల్చుకుందాం.