ఇంటిగాలిలో రేడాన్

సోమశిల యొద్ద పెన్న వెలిగొండలను చీల్చుకొని నెల్లూరు సీమకు దిగుచున్నది. ఆ కొండలకు పడమట, కడప జిల్లా తుమ్మలపల్లెలో డోలమైటు రాతినుండి యురేనియము త్రవ్వుచున్నారు. తూర్పున, గూడూరు ప్రాంతపు అభ్రకపు గనులలో సమర్‌స్కైటు అను యురేనియపు ఖనిజము పూర్వమే దొరకినది. ఇందుకు మనము బెదరనక్కరలేదు. యురేనియము కొద్దిగనో గొప్పగనో ఎల్ల నేలలందును గలదు. దానివలన కలుగు రేడాన్ వాయువును గూర్చి మాత్రము ప్రతి గృహస్థుడును తెలిసికొనవలెను.

యురేనియము క్రమముగా క్షయించి రేడియమగును. రేడియమునుండి రేడాన్ పుట్టును. 1900లో జర్మను శాస్త్రజ్ఞుడు డోర్న్ దీనిని గుర్తించెను. దీనికి రంగు లేదు, వాసన లేదు. సుమారు 3.8 దినములలో సగము క్షయించును. అప్పుడు పుట్టు పొలోనియము మున్నగు కణములు ధూళి నంటుకొని, శ్వాసతో ఊపిరితిత్తులను జేరి, కాలక్రమమున పుట్టకురుపునకు కారణము కావచ్చును. పొగత్రాగువారికి రేడాన్ వలని అపాయము ఇతరులకంటె 25 రెట్లని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా.

ఆరుబయట ఈ వాయువు గాలిలో కలిసి పలుచనగును. ఇంటిలోనికి గచ్చు పగుళ్ళగుండ, కడపబండల అతుకులగుండ, గొట్టములు దిగిన సందులగుండ వచ్చి నిలుచును. 1984లో అమెరికాలోని పెన్సిల్వేనియాలో స్టాన్లీ వాట్రస్ అను ఉద్యోగి అణువిద్యుత్కేంద్రమున అడుగిడగా హెచ్చరిక యంత్రము మ్రోగినది. విచారింపగా దోషము కేంద్రములో లేదు. ఆయన యింటిగాలిలో నున్నది.

మన పాత మిద్దెలకు గవాక్షము, ఎదురెదురు వాకిండ్లు ఉండెడివి. వేసవి రాత్రులు మిద్దెపైననే పడక. నేడు చల్లదనపు యంత్రము కొరకు కిటికీలు బిగించుచున్నాము. గదిలో గాలి చల్లబడును గాని మారదు.

ప్రక్కప్రక్క ఇండ్లలోనే రేడాన్ వేరువేరు పాళ్ళలో నుండవచ్చును గనుక కొలుచుటయే మార్గము. చిన్న డబ్బీలో ప్రత్యేకపు ఫిల్ము ముక్క నుంచి, పడకగదిలో మూడు నెలలు వ్రేలాడదీసి, పిదప ప్రయోగశాలలో పరీక్షింతురు. ఘనపు మీటరు గాలికి 100 బెకరెళ్ళు మించకుండుట మేలనియు, అది సాధ్యము కానిచోట 300 దాటరాదనియు ప్రపంచ ఆరోగ్య సంస్థ 2009లో సూచించినది. బెకరెలనగా సెకనుకు ఒక పరమాణువు క్షయించుట.

ఎక్కువగ నున్నచో పగుళ్ళను సిమెంటుతో పూడ్పవలెను. కిటికీలు తెరచి గాలి ఆడనీయవలెను. అదియు చాలనిచో గచ్చు క్రిందినుండి కప్పుపైకి గొట్టము పెట్టి, పంకాతో నేలలోని గాలిని బయటికి లాగింపవచ్చును. కొత్తయిల్లు కట్టువారు గచ్చు క్రింద దళసరి ప్లాస్టిక్ పొర పరచుట సులభము. బోరునీటిలోను రేడాన్ కరగి యుండవచ్చును. సోమశిల జలాశయమువలె ఆరుబయట నిలిచిన నీటిలో అది చాలవరకు గాలిలోనికి పోవును.

యంత్రములు, గొట్టములు అమరినపుడు అమర్చుకొందము. ఇంటిలో చుట్ట మానుటకును, తెల్లవారగనే ఎదురెదురు కిటికీలు తెరచుటకును నేటినుండియే పూనుకొనవచ్చును.