గర్భసంచి గడ్డలు: సంతకం పెట్టే ముందు అడగవలసినవి

(షోలాపూర్ తూర్పు భాగంలో జరిగిన మహిళా కార్మికుల సభలో ఒక వైద్యురాలు చేసిన ప్రసంగ పాఠం)



మగవాళ్లను కాసేపు బయటికి పంపమని ముందు వరుస చెల్లెళ్లు కొందరు చీటీ పంపారు. నేను ఉండమనే అంటున్నాను. గర్భసంచి ఆడమనిషిదే గాని, దాన్ని తీయించే కాగితం మీద మన ఇళ్లలో సంతకం పెట్టేది ఎక్కువగా మగవాడే. సంతకం పెట్టేవాడికి సంగతి తెలియాలి గదా. సిగ్గుపడేవాళ్లు తల దించుకుని వినండి, చెవులు మాత్రం మూసుకోవద్దు.

కండెలు చుట్టే షెడ్డుకు పోయినా, టవళ్ల శిలాయికి పోయినా, బీడీలు చుట్టే వాడకు పోయినా నాకు ఒకటే మాట వినబడుతుంది: “డాక్టరమ్మా, పిశవిలో గాఠ్ ఉందట, తీసేయాలన్నారు.” పిశవి అంటే మరాఠీలో సంచి. ఆ మాట వల్లనే కాబోలు, పిల్లలు పుట్టాక ఖాళీ అయిన కిరాణా సంచిలాగా దాన్ని పారేయవచ్చు అనుకుంటున్నాం.

ముందు ఈ గడ్డ ఏమిటో చూద్దాం. గర్భసంచి గోడ అంతా కండ. ఆ కండలో ఒకచోట పోగు ముడిపడ్డట్టు గట్టిపడి పెరిగేదే ఫైబ్రాయిడ్. ఇది క్యాన్సర్ కాదు. క్యాన్సర్‌గా మారుతుందని భయపెట్టడం కూడా సరికాదు. గడ్డ అనుకున్నది క్యాన్సర్‌గా తేలడం చాలా అరుదు. 50 ఏళ్లు వచ్చేసరికి సగం కంటే ఎక్కువ మంది ఆడవాళ్లలో ఇలాంటి గడ్డ ఒకటో రెండో ఉంటాయి. చాలామందికి ఆ సంగతే తెలియదు, తెలియవలసిన పనీ లేదు. నెలసరిని నడిపే హార్మోన్లే దీనికి మేత. ముట్లుడిగాక మేత ఆగిపోతుంది, గడ్డ దానంతటదే కుంచించుకుపోతుంది. అందుకే 32 ఏళ్ల చెల్లెలికీ 48 ఏళ్ల అక్కకూ ఒకే జవాబు ఉండదు. ఆమెకు పిల్లలు కావాలేమో, ఈమె రెండు మూడేళ్లు ఓర్చుకుంటే చాలేమో.

సోనోగ్రఫీ కాగితం చేతికి రాగానే అందరూ అంకె వైపే చూస్తారు. 3 సెంటీమీటర్లు, 5 సెంటీమీటర్లు. అంకె కన్నా ముఖ్యం గడ్డ ఎక్కడ ఉందన్నది. లోపలి పొర కిందికి చొచ్చుకువచ్చిన గడ్డ చిన్నదైనా రక్తాన్ని ధారలు కట్టిస్తుంది. గోడ మధ్యలో ఉన్నది పెరిగితే నొప్పి, ఎక్కువ ముట్టు. బయటి వైపు పెరిగేది నారింజకాయంత అయినా ఒక్క చుక్క రక్తం ఎక్కువ పోనీయకపోవచ్చు. కాకపోతే మూత్రపు సంచిని నొక్కి మాటిమాటికీ లేపుతుంది. “12 వారాల సైజు” అని రాస్తే భయపడకండి, మూడో నెల గర్భంలో గర్భసంచి ఎంత పెరుగుతుందో అంత పెరిగిందని అర్థం. కాబట్టి డాక్టరును అడగవలసిన మొదటి ప్రశ్న “ఎంత పెద్దది?” కాదు. “ఎక్కడుంది? నా బాధకు కారణం అదేనా?” అని అడగండి. ఏ బాధా లేకుండా వేరే పనికి తీసిన సోనోగ్రఫీలో గడ్డ కనబడితే, చాలాసార్లు చేయవలసిన వైద్యం ఏమీ ఉండదు. ఆరునెలలకో ఏడాదికో మళ్లీ చూపించుకోవడమే.

బాధ ఉంటే? అప్పుడు కూడా కత్తి కన్నా ముందు రక్తం సంగతి చూడాలి. ఆడవాళ్లకు హిమోగ్లోబిన్ 12 ఉండాలి. నెలనెలా ఎక్కువ పోతే 8కి, 7కి పడిపోతుంది. 7తో 12 గంటల పాళీ చేసే మనిషికి ఆయాసం, కళ్లు తిరగడం, గుండె దడ. “గడ్డ నన్ను తినేస్తోంది” అంటుంది. తినేది గడ్డ కాదమ్మా, రక్తహీనత. ఇనుము మాత్రలు రెండు మూడు నెలలు విడవకుండా వేసుకుంటే సగం జబ్బు పోయినట్టుంటుంది. కాని మాత్ర వేసుకుని వెంటనే టీ తాగితే ఇనుము ఒంటికి సరిగా పట్టదు. మన సాంచాల దగ్గర టీ ఎన్నిసార్లు వస్తుందో నాకు తెలుసు. మాత్రకూ టీకీ మధ్య గంటైనా ఎడం పెట్టండి, నిమ్మకాయ నీళ్లతో వేసుకోండి. మాత్ర పడనివాళ్లకు సెలైన్‌లో ఎక్కించే ఇనుము ఇంజక్షన్ ఉంది. ఆపరేషనే చేయించుకోవాలని తేలినా, రక్తం పెంచుకుని వెళ్లిన మనిషికి రక్తం ఎక్కించవలసిన అవసరం తగ్గుతుంది.

ఇక మందులు. ముట్టు ఎక్కువగా పోయే రోజుల్లో మాత్రమే వేసుకునే ట్రానెక్సామిక్ యాసిడ్ మాత్ర ఉంది, రక్తస్రావాన్ని బాగా తగ్గిస్తుంది. కాళ్లలో, ఊపిరితిత్తుల్లో రక్తం గడ్డకట్టిన చరిత్ర ఉన్నవాళ్లు వాడకూడదు. నొప్పికి మెఫెనమిక్ యాసిడ్, అన్నం తిన్నాకనే. ఇవి గడ్డను కరిగించవు, బాధను అదుపులో పెడతాయి. కొందరికి అంతే చాలు.

కాపర్ టీ వంటిదే, కాని లోపల కొద్దికొద్దిగా హార్మోన్ వదిలే సాధనం ఒకటుంది. మిరెనా అనే పేరుతో ఎక్కువ మందికి తెలుసు. ఒకసారి పెడితే అయిదేళ్లకు తక్కువ కాకుండా పని చేస్తుంది. మొదటి మూడు నుంచి ఆరు నెలలు మరకలు మరకలుగా కనబడుతుంది, విసుగొస్తుంది. ఆ తర్వాత చాలామందికి ముట్టు బాగా తగ్గిపోతుంది, కొందరికి ఆగిపోతుంది. ఆగితే చెడు రక్తం లోపల నిలిచిపోతుందని అత్తలు భయపెడతారు. నిలిచేదేమీ లేదు, పొర పల్చబడి రక్తం తయారు కాకపోవడమే. అయితే గడ్డ లోపలికి పొడుచుకువచ్చి గర్భసంచి ఆకారం చెడి ఉంటే ఇది జారిపోతుంది, పనికిరాదు.

గడ్డను కుదించే ల్యుప్రోలైడ్ ఇంజక్షన్లు కొన్ని నెలలకే పరిమితం, ఆపితే గడ్డ మళ్లీ పెరుగుతుంది. ఎముకలు పల్చబడతాయి. ఆపరేషన్‌కు ముందు రక్తం కూడగట్టుకోవడానికి వాడితే అర్థముంది. యులిప్రిస్టాల్ అనే మాత్ర పాత చీటీల్లో ఉంటే మీ అంతట మీరు మళ్లీ కొనకండి. అరుదుగానైనా కాలేయాన్ని తీవ్రంగా దెబ్బతీసిన కేసులు బయటపడి యూరప్‌లో 2020లో దాని మీద ఆంక్షలు వచ్చాయి.

గర్భసంచిని ఉంచి గడ్డను మాత్రమే తీసే ఆపరేషన్ ఉందని మన వాడల్లో సగం మందికి ఎవరూ చెప్పలేదు. దాని పేరు మయోమెక్టమీ. గడ్డ లోపలి పొర కింద ఉంటే పొట్ట మీద గాటే అక్కరలేదు. యోని మార్గం నుంచి దుర్బీను పంపి కత్తిరించి తీస్తారు, కొద్దిరోజుల్లో పనికి పోవచ్చు. మిగతా గడ్డలకు దుర్బీనుతోనో, పొట్ట కోసో తీస్తారు. పిల్లలు కావలసినవాళ్లకు ఇదే దారి. దీనిలో లోపం కూడా చెబుతాను: కొత్త గడ్డలు మళ్లీ పుట్టవచ్చు, తర్వాతి కాన్పుకు సిజేరియన్ అవసరం కావచ్చు.

మరొకటి, గడ్డకు రక్తం తీసుకుపోయే నాళాన్ని లోపలినుంచి మూసేయడం. తొడ దగ్గరో మణికట్టు దగ్గరో సన్నని గొట్టం పంపి ఇసుక రేణువుల్లాంటి పూసలు వదులుతారు. నీరు కట్టేసిన పొలంలో పైరులాగా గడ్డ ఎండుతుంది. పారిస్ డాక్టర్లు 1995లో దీన్ని లోకానికి ప్రకటించారు. చేయడానికి ప్రత్యేక శిక్షణ ఉన్న రేడియాలజీ డాక్టరు కావాలి, పుణెకో హైదరాబాదుకో పోవలసి రావచ్చు. మొదటి రోజు నొప్పి గట్టిగానే ఉంటుంది. ముందు ముందు పిల్లలు కావాలనుకునేవాళ్లకు సాధారణంగా దీన్ని సలహా ఇవ్వం.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను, గర్భసంచి మొత్తం తీసేయడం. నేను దానికి శత్రువును కాను. 46 ఏళ్ల శిలాయి కార్మికురాలు ఒకామె ఆరో నెల కడుపుతో వచ్చినట్టు వచ్చింది. గర్భసంచి నిండా గడ్డలు, మందులు వాడి విసిగిపోయింది, మూత్రం కూడా సరిగా రావడం లేదు. తీయించుకొమ్మని నేనే చెప్పాను. ఆరువారాల తర్వాత “ముందే ఎందుకు చెప్పలేదమ్మా” అని కోప్పడింది. గడ్డలు మళ్లీ రాకుండా చేసేది ఈ ఒక్క ఆపరేషనే. కాని 38 ఏళ్ల వైండింగ్ కార్మికురాలు మరొకామెకు గోడలో 3 సెంటీమీటర్ల గడ్డ, హిమోగ్లోబిన్ 7. ఒక ప్రైవేటు నర్సింగ్ హోంలో “ఈ వారమే తీయకపోతే క్యాన్సర్” అన్నారు. చెవుల కమ్మలు అప్పటికే కుదువ పెట్టి వచ్చింది. ఆమెకు కావలసింది ఇనుము ఇంజక్షన్లూ, ఆ హార్మోన్ సాధనమూ. నాలుగేళ్లయింది, కండెలు చుడుతూనే ఉంది.

ఇది ఒక్క వాడ గోడు కాదు. మన మహారాష్ట్రలోనే బీడ్ జిల్లా చెరకు కోత కూలీల సంగతి 2019లో బయటపడింది. సర్వే చేసిన 82,309 మంది స్త్రీలలో 13,861 మందికి గర్భసంచి లేదు. కోతకు పోయిన రోజు ముట్టయితే కూలి పోతుంది, ముకాదం జరిమానా వేస్తాడు, అందుకని సంచినే తీయించేసుకున్నవాళ్లున్నారు. మన పుట్టిళ్ల వైపు ఇంకా అధ్వానం. 2015–16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15–49 ఏళ్ల స్త్రీలలో గర్భసంచి తీయించుకున్నవారు దేశం మొత్తం మీద నూటికి 3 మందైతే, ఆంధ్రప్రదేశ్‌లో దాదాపు 9 మంది, తెలంగాణలో దాదాపు 8 మంది. పండక్కి ఊరికి పోయినప్పుడు “మా ఊళ్లో అందరూ తీయించుకున్నారు, నువ్వూ తీయించుకో” అనే వదినల మాట ఎక్కడినుంచి వస్తోందో ఈ అంకెలే చెబుతాయి. 2023 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు అనవసరంగా గర్భసంచులు తీసే వ్యవహారం మీద తీర్పు ఇచ్చింది. కేంద్రం రాసిన మార్గదర్శకాలను మూడు నెలల్లో అమలులో పెట్టాలని రాష్ట్రాలను ఆదేశించింది. పర్యవేక్షణ కమిటీలు ఉండాలన్నది అందులో ఒక భాగం. యూనియన్ ఆ కమిటీ మన జిల్లాలో ఏం చేస్తోందో అడగాలి.

తీయించుకోవాలనే తేలితే, అండాశయాల సంగతి విడిగా అడగండి. “ఎలాగూ కోస్తున్నాం, అవీ తీసేస్తే సరి” అంటారు. ముట్లుడగని మనిషికి అండాశయాలు తీసేస్తే మర్నాడే ముట్లుడిగినట్టు: ఒళ్లంతా ఆవిర్లు, నిద్ర పట్టదు, పోనుపోను ఎముకలు పెళుసు, గుండె జబ్బు ముప్పు. గడ్డల కోసం అండాశయాలు తీయనక్కరలేదు. అవి చెడి ఉంటేనో, ఇంటి వంశంలో ఆ క్యాన్సర్ ఉంటేనో వేరే మాట. ఫారంలో ఏం రాశారో చదివించుకోండి. ఆ ఫారం ఇంగ్లీషులోనో మరాఠీలోనో ఉంటుంది, మనలో పెద్దవాళ్లకు వచ్చింది తెలుగు అక్షరాలే. చదివి చెప్పేదాకా వేలిముద్ర వేయనని అనడం మీ హక్కు, అమర్యాద కాదు. రెండో డాక్టరు దగ్గరికి పోవడమూ అంతే. సివిల్ దవాఖానలో చూపించుకోవడానికి ఒక పూట పోతుంది, అంతే గదా.

ఆగకుండా దవాఖానకు పరుగెత్తవలసిన సందర్భాలూ ఉన్నాయి. గంటకో గుడ్డ తడిసిపోతుంటే, కళ్లు తిరిగి పడిపోతే, మూత్రం బిగిస్తే ఆ రోజే పోవాలి. ముట్లుడిగి ఏడాది దాటాక మళ్లీ రక్తం కనబడితే గడ్డలే అనుకుని ఊరుకోవద్దు. 45 దాటినవాళ్లకు ఎక్కువ రక్తం పోతుంటే లోపలి పొర ముక్క తీసి పరీక్ష చేయించాలి. ఆ పరీక్ష లేకుండా నేరుగా బల్ల ఎక్కించే చోట అనుమానించండి.

మరి కూలి మాట. పొట్ట కోసిన ఆపరేషన్‌కు ఆరు వారాలు బరువు ఎత్తకూడదు, కండెల బుట్ట కూడా. దుర్బీను ఆపరేషన్‌కు రెండు నుంచి నాలుగు వారాలు. ఇ.ఎస్.ఐ. కార్డు ఉండి, చందా కాలంలో 78 రోజులకు చందా కట్టి ఉంటే, జబ్బు సెలవుకు రోజు కూలిలో నూటికి 70 వంతున ఏడాదిలో 91 రోజుల దాకా వస్తుంది. సర్టిఫికెట్ ఇ.ఎస్.ఐ. డాక్టరుదే కావాలి; ప్రైవేటు చీటీ పట్టుకుని నెల తర్వాత వస్తే యూనియన్ కూడా ఏం చేయలేదు. షెడ్డును ముక్కలు చేసి ఒక్కోదానిలో తొమ్మండుగురినే చూపించి కార్డు ఎగ్గొట్టే సేట్ల సంగతి సెక్రటరీగారు చెబుతారు. కార్డు లేనివాళ్లు మహాత్మా జ్యోతిరావ్ ఫులే పథకం కింద ఏది వస్తుందో దవాఖానలో కూర్చునే ఆరోగ్యమిత్రను అడగండి. అయితే ఉచితంగా అవుతుందన్నది ఆపరేషన్ చేయించుకోవడానికి కారణం కాదు.

ఒక్క మాట సేట్లకు వినబడేలా అంటాను. 1948 నాటి ఫ్యాక్టరీల చట్టంలోనే ఆడవాళ్లకు వేరే మరుగుదొడ్డి ఉండాలని రాశారు. ఇవాళ్టికీ ఎన్ని షెడ్డుల్లో ఉంది? ఎక్కువ ముట్టయ్యే మనిషికి గుడ్డ మార్చుకునే చోటు లేకపోతే, ఆమెకు గర్భసంచి తీయించుకోవడమే సులువనిపిస్తుంది. ఈసారి డిమాండ్ల పత్రంలో బోనస్ పక్కన మరుగుదొడ్డి కూడా రాయండి.

సోనోగ్రఫీ కాగితాలు తెచ్చుకున్నవాళ్లు ఎడమ వైపు గదిలోకి రండి. మరాఠీ ఫారాలు ఉన్నవాళ్లు కూడా తీసుకురండి, చదివి చెబుతాను.